మైకమ్మ చెవులు

మిల్లులో అందరూ ఆమెను మైకమ్మ అనేవారు. గొంతు అలాంటిది. పక్కన నిలబడ్డ మనిషికి చెప్పాల్సిన మాట గేటు దాకా వినపడేది. కాస్త టీ పొయ్యమని అడిగినా తగువుకొచ్చినట్టుండేది. నోరు పెద్దదనుకుంటే మాత్రం పొరపాటు, నోరు మంచిదే. పాడైనవి చెవులు. తన గొంతు తనకే సరిగ్గా వినపడని మనిషికి ఎంత గట్టిగా మాట్లాడాలో ఎలా తెలుస్తుంది?

ఆ చెవుల్ని తినేసింది మరమగ్గాల షెడ్డు. వరసలు వరసలుగా మగ్గాలు, ఒక్కొక్కటీ దడదడలాడుతుంటే కాళ్ళ కింద నేల అదిరేది. కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు తల పట్టుకుని బయటికి పరిగెత్తేవారు. గోడలకు చెవులుంటాయంటారు. ఆ షెడ్డులో గోడలకు ఉన్నాయేమో గానీ మనుషులకు మాత్రం లేవు. అందుకే అక్కడ అందరూ పెదవులతో మాట్లాడుకునేవారు. గొంతు పెట్టకుండా, మాటని పెదవుల మీద సాగదీసి, విడదీసి పలికితే, రెండు మగ్గాల అవతలున్న మనిషి చూసి పకపకా నవ్వేది. సూపర్‌వైజరు మీద వేసిన జోకు సూపర్‌వైజరు చెవి పక్కనుంచే వెళ్ళిపోయేది. పాపం ఆయనకి తెలిసేది కాదు.

ఆ విద్యలో మైకమ్మను మించినవాళ్ళు లేరు. ముఖం మొత్తం కనపడక్కర్లేదు, మూతి చివర కదిలితే చాలు, సంగతి పట్టేసేది. అసలు ఎప్పుడు చెవి పని మానేసిందో, ఎప్పుడు కన్ను ఆ పని అందుకుందో ఆమెకే తెలీదు. ఎదుటివాళ్ళు మాట్లాడితే మాట అర్థమయ్యేది. అది చెవిలోంచి వచ్చిందా కంట్లోంచి వచ్చిందా అని ఎవరు మాత్రం కూర్చుని ఆలోచిస్తారు? మనమెవరమూ ఆలోచించం, ఆమె కూడా ఆలోచించలేదు.

ఆమె భర్త దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని వీధిలోవాళ్ళ బట్టలు కుట్టేవాడు. ఆమెతో ఏదన్నా చెప్పాలంటే మిషను ఆపి, స్టూలు తిప్పుకుని, ముఖంలో ముఖం పెట్టి చెప్పేవాడు. "నీకు వినపడదే" అని ఒక్కనాడు అన్న పాపాన పోలేదు. అలాంటి మనిషికి మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళి, మిషను పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. వెళ్ళకపోతే ఒళ్ళు ఉబ్బుతుంది, ఊపిరాడదు, ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. ఈ ఖర్చంతా మిల్లువాళ్ళిచ్చిన ఆరోగ్య కార్డు మీద నడిచేది. కార్డు మైకమ్మ పేరున ఉంది కాబట్టి మొగుడికీ వర్తించింది.

"అందరి పెళ్ళాలూ మొగుడి జేబు చూస్తారు. మా ఆవిడ నా కిడ్నీలు చూస్తోంది" అని దర్జీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

ఆ కార్డు కోసం మైకమ్మ ఏళ్ళ తరబడి ఒక దొంగతనం చేసింది. ఆమె ఒక్కతే కాదు, షెడ్డులో సగంమంది చేశారు.

ఏటా ఒకసారి మిల్లులో చెవుల పరీక్ష పెట్టేవారు. క్యాంటీను చివర చిన్న గది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలిస్తారు, సన్నగా కూత పెడతారు, వినపడితే వేలెత్తాలి. అంతే. వేలెత్తనివాళ్ళని "భద్రత కోసం" అని మగ్గాల మీదనుంచి తీసేసి మడతల గదికి పంపేవారు. మడతల గదిలోవాళ్ళు కాంట్రాక్టు మనుషులు. వాళ్ళకి కార్డు లేదు. మగ్గం దగ్గర చెవులు పోగొట్టుకున్నవాళ్ళకి అలా కార్డు కూడా పోయేదన్నమాట. ఈ రూలు రాసినవాడెవడో గానీ, వాడికి రెండు చెవులూ బాగా ఉండి ఉంటాయి.

దానికి షెడ్డువాళ్ళు తమ విరుగుడు తాము కనిపెట్టుకున్నారు. గది ఉక్కపోతకి పరీక్ష చేసే ముసలాయన తలుపు తీసిపెట్టేవాడు. బయట బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న మనిషికి ఆయన చెయ్యి కనపడేది. ఆయన మీట నొక్కగానే బెంచీ మీది మనిషి కనుబొమ్మ ఎగరేస్తే, లోపలి మనిషి వేలెత్తేది. మైకమ్మకి ఎప్పుడూ ఆ పని చేసిపెట్టింది పక్క మగ్గం వదిన. నిజానికి ఇద్దరికీ చుట్టరికం ఏం లేదు. పక్కపక్క మగ్గాల మీద ఇన్నేళ్ళు చేశాక వదినా అంటే వదినా అనుకున్నారు, చుట్టరికం కన్నా గట్టిగా నిలిచింది. వదిన వయసులో చిన్నది, మిల్లుకి ఆలస్యంగా వచ్చింది, చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. ఆమె కనుబొమ్మ పుణ్యమా అని మైకమ్మవి పాము చెవులని ఏటేటా రాసుకున్నారు.

అలా రోజులు గడుస్తుండగా గేటు పక్కన బోర్డు మీద నోటీసు పెట్టారు. సగం మగ్గాలు ఆపేస్తున్నారు. ఆ మగ్గాలవాళ్ళు ఈ నెలతో ఇంటికి. ఇంటికి వెళ్ళేవాళ్ళకి వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కార్డు పనిచెయ్యదు. కింద వెళ్ళేవాళ్ళ పేర్లున్నాయి. వాటిలో మైకమ్మ పేరుంది. వదిన పేరు లేదు.

నోటీసు ముందు చాలామంది ఏడ్చారు. మైకమ్మ ఏడవలేదు. ఆమె ఆలోచనంతా ఒక్కటే. ఉద్యోగం పోతే పోయింది, ఎక్కడో ఒకచోట గిన్నెలు కడుక్కుని బతకొచ్చు. కార్డు పోతే ఆయన పోతాడు. మొన్నమొన్ననే వాచిన కాళ్ళకి వాపు ఇంకా పూర్తిగా తియ్యలేదు.

నోటీసు చివర చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. యూనియన్ ఆయన అది పట్టుకున్నాడు. కుర్చీ ఎక్కి, అందరికీ పెదవులు కనపడేలా నిలబడి చదివాడు. మిల్లు పని వల్ల శరీరానికి శాశ్వతంగా దెబ్బ తగిలినవాళ్ళకి, అది పరీక్షలో తేలితే, ఉద్యోగం పోయినా ఇంటిల్లిపాదికీ కార్డు బతికినంతకాలం ఉంటుంది.

"చెవులు లెక్కలోకొస్తాయా?" అని ఎవరో అడిగారు.

"చెవులే మొదటి లెక్క" అన్నాడాయన.

ఆ మాట చూసి మైకమ్మకి ఒళ్ళంతా తేలికైంది. ఇన్నాళ్ళూ దాచుకుంటూ వచ్చిన చెవుడు ఇప్పుడు అక్కరకొచ్చింది. పోయిన చెవులు పోనే పోయాయి, పోతూ పోతూ మొగుడి ప్రాణం కాపాడి పోతాయంటే అంతకన్నా ఏం కావాలి?

ఆ వారం క్యాంటీనులో వింతలు జరిగాయి. నిన్నటిదాకా చీమ చిటుక్కుమన్నా వినపడే కుర్రాళ్ళు కూడా "ఆఁ? ఏంటీ?" అంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవడం మొదలెట్టారు. టీ పోసే ఆవిడ పిలిస్తే ఒక్కడూ పలకడు. "ఫ్రీ" అంటే మాత్రం అందరూ లేచొచ్చేవారు. వాళ్ళని చూసి మైకమ్మ కూడా నవ్వింది. చెవుడంటే ఆఁ అని అడగడం కాదని, అడక్కుండా నవ్వేసి తలూపెయ్యడమని వాళ్ళకేం తెలుసు.

ఆ కుర్రాళ్ళ చెవిటి వేషాలు ఆఫీసుదాకా వెళ్ళాయి. దాంతో పాత ముసలాయన్ని పక్కనపెట్టి బయటినుంచి కొత్త మనిషిని పిలిపించారు. తలుపు మూసి పరీక్ష చేస్తాడట. మైకమ్మకి దాంతో ఏం పని? తలుపు మూసుకుంటే మరీ మంచిది. ఈసారి ఎవరి కనుబొమ్మా అక్కర్లేదు. వినపడని మనిషి వినపడలేదని కూర్చుంటే చాలు. జీవితంలో మొదటిసారి ఆ గదిలోకి నిజంతో వెళ్తోంది.

వెళ్ళేముందు వదిన ఆమె చెయ్యి పట్టుకుని పెదవులు కదిపింది. "వదినా, అటూ ఇటూ చూడకు. గోడకేసి చూస్తూ కూర్చో. అలవాటున వేలెత్తేవు సుమా."

"ఎత్తనే, వేలు కొంగుకి ముడేసుకుంటా" అంది మైకమ్మ. బెంచీ మొత్తం నవ్వింది.

కొత్తాయన కుర్రాడు, నెమ్మదస్తుడు. రండమ్మా కూర్చోండమ్మా అన్నాడు. హెడ్‌ఫోన్లు తనే తగిలించి, జుట్టు చిక్కుకుంటే తనే జాగ్రత్తగా తీశాడు. మైకమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది. గోడ మీద పెచ్చు ఊడిన చోట చిన్న మచ్చ ఉంది, దాన్నే చూసింది. ఎడమ చెవిలో ఏమీ లేదు. కుడి చెవిలో ఎప్పుడో ఒకసారి దూరంగా ఏదో ఉన్నట్టనిపించింది. అబద్ధం ఎందుకని దానికి వేలెత్తింది కూడా. మిగతాదంతా నిశ్శబ్దం. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అయిపోతే బాగుండు, ఆయనకి చెప్పాలి అనుకుంది.

కాసేపటికి కుర్రాడు మిషను ఆపి, కుర్చీ తెచ్చుకుని ఆమెకి కాస్త పక్కగా కూర్చున్నాడు. తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. హెడ్‌ఫోన్లు ఇంకా ఆమె చెవుల మీదే ఉన్నాయి. రాస్తూ రాస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

"మీ ఆయనకి ఒంట్లో బాగోలేదట కదమ్మా. ఇప్పుడెలా ఉన్నారు?"

నోటీసు పెట్టినప్పట్నించీ ఆ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరి గోల వాళ్ళది. మైకమ్మకి గుండెల్లో ఏదో కరిగినట్టయింది.

"ఏం బాగు బాబూ! మొన్న మళ్ళీ కాళ్ళు వాచాయి. రాత్రిళ్ళు ఆయాసం. ఆయనేమో ఏం లేదే అంటాడు. ఏం లేకపోతే దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఎందుకు నిద్రపోతాడు, నువ్వే చెప్పు?"

ఆమె గొంతు మూసిన తలుపు దాటి బెంచీ దాకా వెళ్ళింది. బెంచీ మీద వదిన లేచి నిలబడిందట. తర్వాత ఎవరో చెప్పారు.

కుర్రాడు కలం కింద పెట్టాడు. ఇప్పుడు తలెత్తి చూశాడు.

"అమ్మా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నారు. నేను చాలా మెల్లగా అడిగాను."

మైకమ్మకి ముందు అర్థం కాలేదు. చేతులు చెవుల మీదకి వెళ్ళాయి, హెడ్‌ఫోన్లు తగిలాయి. అప్పుడు ఒక్కసారిగా అర్థమైంది.

"నేను విన్లేదు బాబూ. నీ మూతి చూశాను. నీ మూతి కదిలితే చూశాను. మాకది అలవాటు."

ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. అదే నా ఏడుపు. చెడ్డవాడైతే మనకి తిట్టుకోవడానికి ఒకడైనా దొరికేవాడు. దొంగ చెవుడు పట్టుకోవడానికి అలా చెయ్యమని వాడికి చెప్పి పంపారు. పాత పరీక్షల్లో చెవులు బాగున్నట్టు ఉన్నవాళ్ళందరినీ, వాళ్ళ మనసుకి దగ్గరైన మాట మెల్లగా అడగమన్నారు. నిజంగా చెవుడున్నవాడు పలకడట. మగ్గాల షెడ్డు గురించి చెప్పినవాళ్ళెవరూ లేరు ఆ అబ్బాయికి. "నేను చూసింది నేను రాయాలమ్మా" అన్నాడు. తలుపు తీసి, ఆమె మెట్టు దిగేదాకా చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు మైకమ్మ ఆఫీసులో పెద్దాఫీసరు ముందు నిలబడింది.

"మీ చెవులు ఇన్నేళ్ళూ భేషుగ్గా ఉన్నాయి. ఉద్యోగం పోతుందనగానే చెవుడొచ్చింది" అన్నాడాయన. "సరే, వచ్చిందే అనుకుందాం. మరి గుసగుస ఎలా వినపడింది?"

"పెదవులు చూశాను సార్. షెడ్డులో మేమంతా అలాగే మాట్లాడుకుంటాం. కావాలంటే నన్ను అటు తిప్పి మాట్లాడండి. ఒక్క ముక్క వినపడితే నన్ను ఇప్పుడే గెంటెయ్యండి."

ఆయన చేత్తో తిరగమని సైగ చేశాడు. ఆమె బీరువాకేసి తిరిగి నిలబడింది. నిలబడింది, నిలబడింది. వెనక ఏం జరుగుతోందో ఏమీ తెలియలేదు. భుజం మీద ఎవరో తడితే ఇటు తిరిగింది.

"నేను రెండుసార్లు పిలిచాను. మీరు పలకలేదు" అన్నాడు ఆఫీసరు.

"చూశారా మరి!"

"ఏం చూడమంటారమ్మా? పరీక్ష అని తెలిశాక వినపడేవాళ్ళూ పలకరు, వినపడనివాళ్ళూ పలకరు. ఇద్దరూ ఇలాగే నిలబడతారు."

ఈ మాటకి జవాబుందా? నేనూ చాలా ఆలోచించాను, నాకు దొరకలేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అదీ నయం, నూతికైనా అడుగుంటుంది. పెద్దాసుపత్రిలో తలకి తీగలు తగిలించి చూసే పరీక్ష ఒకటుంది, దానికి మనిషి వేలెత్తక్కర్లేదు. కానీ అక్కడ వంతు రావాలంటే నెలలు పడుతుంది. కార్డు ఉండేవాళ్ళ జాబితా ఈ శుక్రవారం మూసేస్తారు.

మైకమ్మ ఇంక దాచలేదు. బెంచీ సంగతి, కనుబొమ్మ సంగతి మొత్తం చెప్పేసింది. పాత పరీక్షలన్నీ దొంగవని, తనకి ఏనాడూ సరిగ్గా వినపడలేదని చెప్పింది. ఆఫీసరు కుర్చీలో ముందుకి వంగాడు.

"మీకు సైగ చేసిందెవరు? ఆ మనిషి వచ్చి నా ముందు ఒప్పుకుంటే మీ పేరు మళ్ళీ చూస్తాను. ఉత్త మాట నేను నమ్మను."

"ఒప్పుకుంటే ఆ మనిషినేం చేస్తారు?"

"కంపెనీని మోసం చేసినవాళ్ళని ఏం చేస్తారో అదే చేస్తాం" అన్నాడాయన.

వదిన ఇంట్లో ముగ్గురు పిల్లలు, పక్కమీదనుంచి లేవలేని అమ్మ. ఇంటి మొత్తానికి ఆమె ఒక్కదాని కార్డే దిక్కు. మైకమ్మకి ఇదంతా తెలియక కాదు. తెలిసే వెళ్ళింది. మొగుడి ప్రాణం మీదకొచ్చినప్పుడు మంచితనం ఎంత దూరం నిలుస్తుంది? దారిలో తనని తాను తిట్టుకుంటూనే వెళ్ళింది.

షెడ్డులో మిగిలిన మగ్గాలు ఆడుతున్నాయి. వదిన తెగిన పోగు ముడేస్తోంది. మైకమ్మ మగ్గం అవతల నిలబడి, గొంతు లేకుండా పెదవులతో చెప్పింది. ఆఫీసరు అన్నది చెప్పింది. ఒక్కసారి వచ్చి ఒప్పుకోమంది. "నీ కాళ్ళు పట్టుకుంటా వదినా. ఆయన ఎక్కువ రోజులుండడు" అంది.

వదిన చూసింది. మొత్తం చూసింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. పెదవులు ఒకసారి విడివడ్డాయి, ఏదో అనబోయింది. ముఖం అటు తిప్పేసుకుంది.

మనం ఒకరి మీద కోపమొస్తే ముఖం తిప్పుకుంటాం, కాసేపటికి ఇటు తిరుగుతాం. మగ్గాల షెడ్డులో అలా కాదు. అక్కడ ముఖం తిప్పుకోవడమంటే తలుపు వేసి గడియ పెట్టుకోవడమే. ఇంక నువ్వు ఎంత అరిచినా అవతలికి చేరదు. మైకమ్మ ఆ వీపుకేసి కాసేపు చూసి, అలవాటున మగ్గం చట్రం మీద చెయ్యి వేసి, తీసేసి బయటికొచ్చింది. వదిన మీద కోపం రాలేదా అంటే వచ్చింది. చచ్చేంత కోపమొచ్చింది. ఆమె చోట తానున్నా అదే చేసేదాన్నని తెలిశాక ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలీక ఇంటిదాకా మోసుకొచ్చింది.

ఇంటికొచ్చేసరికి దర్జీ పరుపు వార కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతున్నాడు. సూది ఆపి, ముఖం ఎత్తాడు.

"ఏమైందే? ఫెయిలయ్యావా?"

మైకమ్మ చెప్పులు విప్పడానికి వంగింది. వంగినప్పుడు ఆలోచించుకోవడానికి కాస్త సమయం దొరుకుతుంది. ఇదివరకొకసారి ఆయన అన్నమాట ఆమెకి గుర్తుంది. కార్డు పోయిన రోజున ఆసుపత్రి మిషను కూడా మానేస్తాను, నా రక్తం కడగడానికి ఇల్లు అమ్మనివ్వను అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆయన నవ్వుతూ అన్నవన్నీ చేసి తీరే రకం. ఉన్నవి రెండు గదులు. ఆమె మగ్గం ముందు నిలబడి కట్టుకున్నవి.

"ఫెయిలయ్యానండీ!" అంది. "అన్నింట్లోనూ ఫెయిలే."

"బళ్ళో కూడా ఇంత బాగా ఫెయిలై ఉండవు" అని దర్జీ పడీపడీ నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది. గోడకి చేరబడి, ఊపిరి అందాక, "అయితే కార్డు ఉంటుంది" అన్నాడు.

"ఉంటుందిగా మరి."

"నీ చెవులకి దణ్ణం పెట్టాలే."

ఆ మాటకి ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పి, గిన్నెలు కడుగుతూ ఏడ్చింది. శబ్దం ఎంత వస్తోందో తెలీక నోట్లో కొంగు కుక్కుకుంది.

మర్నాటినుంచి ఆయనకి చెప్పకుండా ఇల్లు అమ్మే ప్రయత్నం మొదలుపెట్టింది. మిల్లు మూతపడుతున్న పేటలో ఇల్లు ఎవడు కొంటాడు? ఇద్దరు చూసి పెదవి విరిచారు. మూడోవాడు కొంటానన్నాడు. వాడు చెప్పిన ధరకి కొన్ని నెలలు ఆసుపత్రి మిషను నడుస్తుంది, అంతే. ఆ తర్వాత ఇల్లూ ఉండదు, మిషనూ ఉండదు. కొన్ని నెలలంటే కొన్ని నెలలే, అదీ ఆయన ఉండే నెలలు అనుకుని మైకమ్మ సరేనంది.

ఒకటో తారీకు దాటాక వచ్చిన మొదటి ఆసుపత్రి రోజున ఆమె దారి పొడుగునా ఒకటే అనుకుంటూ వచ్చింది. గుమ్మం దగ్గరే ఆపేస్తారేమో, ఆయన ముందే చెప్పేస్తారేమో. ఆపలేదు. ఎప్పటిలాగే మంచం చూపించారు, చేతికి సూదులు పెట్టారు. గొట్టాల్లో రక్తం అటు వెళ్ళి ఇటు వస్తోంది. మైకమ్మ స్టూలు మీద కూర్చుని, ఈ ఒక్కరోజు గడిచింది చాలనుకుంది.

మిషను ఆపే వేళకి నర్సు వచ్చింది. చాన్నాళ్ళుగా తెలిసిన పిల్లే, అయితే ఆ వార్డులో జబ్బేదో అంటుతోందని ఆ వారం అందరూ ముఖానికి మాస్కులు కట్టుకున్నారు. కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. మంచం పక్కన నిలబడి, మైకమ్మకేసే చూస్తూ, చాలాసేపు ఏదో చెప్పింది. మాస్కు గుడ్డ లోపలికీ బయటికీ కదలడం తప్ప మైకమ్మకి ఏమీ తెలియలేదు. ఎప్పుడూ చేసేదే చేసింది. నవ్వి, తలూపి, "సరేనమ్మా, అలాగే" అంది.

నర్సు తెల్లబోయి ఆమెకేసి చూసింది. తర్వాత దర్జీకేసి చూసింది. ఆయన చేత్తో ఇంక వెళ్ళమన్నట్టు సైగ చేశాడు. నర్సు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

దర్జీ చాలాసేపు కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. తర్వాత దిండు మీద ముఖం ఇటు తిప్పి, ఎప్పటిలాగే మాటని విడదీసి, నెమ్మదిగా చెప్పాడు.

"రక్తం బాగుందటే. ఇకనుంచి ఇన్నిసార్లు రానక్కర్లేదంటోంది. మళ్ళీ వాళ్ళు పిలిచినప్పుడు వస్తే చాలట."

మైకమ్మ ఆ పెదవులకేసి చూసింది. ముప్పయ్యేళ్ళుగా చదువుతున్న పెదవులు. వాటి మీద అబద్ధం ఆమెకి అచ్చక్షరాల్లా కనపడింది.

"ఆ పిల్ల ఆ మాట చెప్తే కళ్ళు ఎందుకు తుడుచుకుంటుందండీ?" అంది. ఆ గొంతుకి అవతలి మంచాలవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

ఆయన దొరికిపోయాడు. తర్వాత సూదులు లేని చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కార్డు పోయిందని నాకు నువ్వు చెప్పలేదు, డబ్బు కట్టకపోతే ఇదే ఆఖరుసారని ఆ పిల్ల అన్నది నీకు నేను చెప్పలేదు, సరికి సరి" అన్నాడు. "నిన్న నువ్వు లేనప్పుడు ఇల్లు కొంటానన్నవాడు కొలతలకొచ్చాడే. నా కుట్టుమిషను ఎక్కడుంటుందో కూడా కొలిచి చూసుకున్నాడు. ఆ పని చెయ్యొద్దు. నా తర్వాత నువ్వు ఎక్కడుంటావు? నా మాట విను. నేను ఇంక ఇక్కడికి..."

మైకమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఆయన చెబుతూనే ఉన్నాడు. చెయ్యి లాగి లాగి వదలడంలో, వేళ్ళు బిగిసి సడలడంలో అది తెలుస్తూనే ఉంది. బతిమాలుతున్నాడు, కసురుతున్నాడు, మళ్ళీ బతిమాలుతున్నాడు. వార్డులో ఉన్నవాళ్ళందరికీ వినపడింది. ఆమె మాత్రం ఆ చెయ్యి వదలకుండా, కళ్ళు తెరవకుండా, అలాగే కూర్చుంది.